తడి గోనె కప్పిన పనిముట్లు

ఎవరి చాయ్ కూడా తాగకపోవడమే నిష్పక్షపాతమని నేను చాలా ఏళ్లు నమ్మాను. క్యాంపుకు సీసాలో ఇంటి నీళ్లు పట్టుకెళ్లేవాణ్ణి. పరీక్ష ముగిసేదాకా ఏ సెక్షన్ గుడారంలోనూ కూర్చునేవాణ్ణి కాదు. ఎవరైనా కుర్చీ వేస్తే దాని వెనక నిలబడి మాట్లాడి వచ్చేసేవాణ్ణి. ఇంత జాగ్రత్తగా ఉండే మనిషి తీర్పులో తప్పెలా వస్తుందని అప్పట్లో ఎవరైనా అడిగితే, ఎలా వస్తుందని నేనూ వాళ్లనే ఎదురు అడిగి ఉండేవాణ్ణి.

ఏడాదికి ఒక నెల మాత్రమే యూనిఫాం వేసుకునే సైన్యం ఒకటుందని ఉప్పుగూడలో మా గల్లీవాళ్లకే సరిగ్గా తెలియదు. రైల్వేలో పనిచేసేవాళ్ల నుంచే మనుషుల్ని ఎంచి దళం కడతారు. మిగతా నెలలన్నీ ఎవరి ఉద్యోగం వాళ్లది. యుద్ధం వచ్చినా వరద వచ్చినా, పట్టాలు తెగినచోట మళ్లీ బండి నడిచేలా చేయడం మా బాధ్యత. నేను ఉద్యోగంలో గుమాస్తాను, ఆ ఒక్క నెల సుబేదార్‌ని. మా గల్లీ చివరింటి మనిషి ఉద్యోగంలో గ్యాంగ్‌మన్, అంటే గడ్డపార పట్టుకుని పట్టాల మీద పనిచేసేవాడు. ఆ ఒక్క నెల హవల్దార్. పాతబస్తీ చుట్టుపక్కల స్టేషన్ల మనుషులున్న సెక్షన్ అతని చేతికింద ఉండేది.

ఫలక్‌నుమా దాటాక వాడకం ఆగిపోయిన ఒక సైడింగ్ లైను ఉంది. ఎండాకాలంలో మా క్యాంపు దాని పక్కనే. నెల చివర ప్రతి సెక్షన్‌కూ పరీక్ష పెడతారు. రెండు పట్టాలను కలిపే ఇనుప పలకలు విప్పేసి, పట్టాల కింది స్లీపర్లు జరిపేసి, కంకర చెదరగొట్టేసి ఉంచుతారు. సెక్షన్ వచ్చి దాన్ని బండి నడిచేలా చేయాలి. తర్వాత నాలాంటి పరీక్షకులు ఇద్దరు చూసి, ఆ సెక్షన్ ‘సిద్ధం’ అనో, ‘ఇంకా శిక్షణ కావాలి’ అనో చెబుతారు. ఇద్దరిలో ఒక్కరు కాదన్నా ‘సిద్ధం’ రాదు. నిజంగా అవసరం పడిననాడు ఎవరిని ముందు పంపాలో ఈ మాటను బట్టే నిర్ణయిస్తారు. సిద్ధంగా లేనివాళ్లను సిద్ధమంటే పట్టాల మీద ప్రాణాలు పోతాయి. సిద్ధంగా ఉన్నవాళ్లను కాదంటే ఏం పోతుందో మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు.

వరసగా మూడేళ్లు నేను హవల్దార్ సెక్షన్‌కు ‘ఇంకా శిక్షణ కావాలి’ అన్నాను.

నాలుగో ఏడు అతనికి దళంలో ఆఖరిది. వయసు దాటిపోతోంది. ఈసారి సెక్షన్‌కు ‘సిద్ధం’ అని వస్తే అతని పేరు నాయబ్ సుబేదార్ ప్రమోషన్ బోర్డుకు వెళ్తుంది. రాకపోతే హవల్దార్‌గానే దిగిపోవాలి. బయటివాళ్లకు అదంత పెద్ద తేడా కాకపోవచ్చు. జీవితమంతా ‘ఏయ్ గ్యాంగ్‌మన్’ అని పిలిపించుకున్న మనిషికి, ఆఫీసర్లు కూడా ‘సాబ్’ అని పిలిచే హోదా అది. క్యాంపు మొదలవడానికి ముందు, గల్లీ నల్లా దగ్గర బిందె పెట్టుకుని నవ్వుతూ చెప్పాడు.

“అన్నా, ప్రమోషనొస్తే నా పెండ్లాం నన్ను సాబ్ అని పిలుస్తనన్నది. రాకుంటే ఇప్పటి లెక్కనే పిలుస్తదంట. ఇప్పుడెట్ల పిలుస్తదో మాత్రం అడగకు.”

నేను నవ్వలేదు. పరీక్ష దగ్గర పడుతున్నప్పుడు మా సెక్షన్‌వాళ్లతో నవ్వకూడదని అప్పటికే ఒక నియమం పెట్టుకున్నాను.

ఆ నియమం ఎక్కడ పుట్టిందో నాకు బాగా గుర్తుంది. ఆ మూడేళ్లకూ ముందు, నేను పరీక్షకుణ్ణైన మొదటి ఏడు హవల్దార్ సెక్షన్‌ను ‘సిద్ధం’ అన్నాను. నాతోపాటు పరీక్షకుడిగా ఉన్న మరాఠీ సుబేదార్ ఆ మధ్యాహ్నం మెస్సులో ప్లేటు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

“క్యా సాబ్, మొహల్లే కే నంబర్ హై క్యా?” అన్నాడు గట్టిగా. గల్లీ మార్కులా అని.

అందరూ నవ్వారు. అందులో విషమేమీ లేదు. అతను రొట్టె తుంచి పప్పులో ముంచుకుంటూ ఆ మాట మరిచిపోయాడు కూడా. నేను మరిచిపోలేదు. ఆ తర్వాత ఏ సెక్షన్ పని చూసినా కనబడిన తప్పును చూసేవాణ్ణి. మావాళ్ల పని మాత్రం తప్పు కనబడేదాకా చూసేవాణ్ణి. కంకర మీద మోకాళ్లూని ఒక్కొక్క బోల్టూ తట్టి చూస్తుంటే మరాఠీ సుబేదార్ వెనక నిలబడి, “సాబ్ తో ఖరా సోనా హై,” అనేవాడు. మేలిమి బంగారమట. ఆ మాట నాకు చాయ్‌కన్నా ఎక్కువ మత్తెక్కించింది. చాయ్ తాగకుండా ఉండటం చేతనైంది కానీ దీన్ని వద్దనడం చేతకాలేదు.

ఒకసారి క్యాంపులో నలుగురి ముందు హవల్దార్ పొరపాటున, “అన్నా, నీళ్లు తాగుతవా?” అన్నాడు.

“ఇక్కడ అన్న గిన్న లేడు. సాబ్ అను,” అన్నాను.

“గలతైంది సాబ్,” అని సెల్యూట్ కొట్టాడు. ఆదివారం సెలవుకు ఇంటికొచ్చినప్పుడు నల్లా దగ్గర మళ్లీ, “గల్లీల అన్న, క్యాంపుల సాబ్. నా నోరు రెండు సిమ్ముల ఫోన్ లెక్కైంది అన్నా,” అని నవ్వాడు. అప్పుడు మాత్రం నేనూ నవ్వినట్టున్నాను.

ఆ నాలుగో ఏడు మా దళానికి కొత్త మేజర్ వచ్చారు. కోస్తా వైపు ఆవిడ. వచ్చిన వారంలోనే పరీక్షకులందర్నీ గుడారంలో కూర్చోబెట్టారు.

“మీలో ఎవరూ లంచం తీసుకోరని నాకు తెలుసు. నేను మాట్లాడేది దాని గురించి కాదు,” అన్నారు.

“తో ఫిర్ కిస్ బారే మే, మేడమ్?” అన్నాడు మరాఠీ సుబేదార్.

“మీ కళ్ల గురించి. ఎవరి పనో తెలిశాక మన కళ్లు పనిని చూడవు, మనిషిని చూస్తాయి. ఈసారి ఎవరి పనో మీకు తెలియదు.”

సెక్షన్లు పని చేస్తున్నంతసేపూ మేం పట్టాలకు వీపు పెట్టి గుడారంలో కూర్చోవాలట. వాళ్లు పనిలో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, ఈలలతోనే సైగలు. మాట వినబడితే ఊరు తెలిసిపోతుందన్నారు. వాళ్లు వెళ్లిపోయాక మేం ఒక్కొక్కరం విడిగా వెళ్లి చూడాలి. చూసింది రాయకూడదు. మేజర్ ఇచ్చే ఫోన్లో మాట్లాడి రికార్డు చేయాలి.

“రాస్తే దిద్దుకుంటారు. మాట్లాడితే మనసులో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. మీ మీ భాషలోనే మాట్లాడండి,” అన్నారు.

నాకు నచ్చింది. నిజంగానే నచ్చింది. ఇదంతా మిగతావాళ్ల కోసమని అనుకున్నాను. పక్కన కూర్చున్న మరాఠీ సుబేదార్ వైపు, నీకు తగిన శాస్తి అన్నట్టు చూశాను కూడా.

పరీక్ష రోజు ఎండ చెప్పలేనిది. మా గుడారం గుడ్డ ముట్టుకుంటే చురుక్కుమనేది. ఆరోజు చివరగా రెండు సెక్షన్లు మిగిలాయి. ఒకటి హవల్దార్‌ది. రెండోది సముద్రం పక్క డిపో నుంచి వచ్చినవాళ్లది. వాళ్లు డిపోలో రేకుల షెడ్డు కింద పనిచేసేవాళ్లు. మా వీపుల వెనక ఈలలు, ఇనుము మీద ఇనుము పడే చప్పుడు, కంకర జారే చప్పుడు. మామూలుగా మా పాతబస్తీవాళ్లు పట్టా ఎత్తేటప్పుడు ఒక్క గొంతుతో కేక వేస్తారు. ఆ కేక లేకుండా వినడం వింతగా ఉండింది. ఏది ఎవరి చప్పుడో పోల్చుకుందామని ప్రయత్నించి మానేశాను. ఇద్దరికీ దాదాపు ఒకే సమయం పట్టిందని మేజర్ చెప్పారు.

నన్ను ముందు పంపారు.

మొదటి చోట పనిముట్లు కంకర పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. ఎండకు మెరుస్తున్నాయి. పని బాగుంది. ఇనుప పలకలకున్న బోల్టుల్లో ఒకటి మాత్రం వేలితో కదిపితే కొద్దిగా కదిలింది.

రెండో చోటికి వెళ్లేసరికి, దూరం నుంచే తెలిసిపోయింది. పనిముట్ల మీద తడి గోనె కప్పి ఉంది.

అది మావాళ్ల అలవాటు. పాతబస్తీ గ్యాంగుల్లో ఎప్పటి నుంచో ఉంది. హైదరాబాద్ ఎండలో గడ్డపార కాసేపు వదిలేస్తే మళ్లీ పట్టుకున్నప్పుడు అరచేయి కాలుతుంది. అందుకే చేయి మారే ప్రతిసారీ దాని మీద నీళ్లు చల్లిన గోనె సంచి వేస్తారు. మా దళంలో ఇంకే సెక్షన్‌వాళ్లూ అలా చేయడం నేను చూడలేదు. మేజర్ మూసిన తలుపులన్నిటికీ ఆ ఒక్క గోనె తాళంచెవి అనిపించింది. లోపల ఒక రకమైన గర్వం కూడా కలిగింది: ఎంత దాచినా నాకు తెలిసిపోయింది కదా అని.

ఇక్కడా ఒక బోల్టు కదిలింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడాను.

సాయంత్రం చల్లబడ్డాక మేజర్ నన్నూ మరాఠీ సుబేదార్‌నూ గుడారంలోకి పిలిచారు. చాయ్ తెప్పించారు. పరీక్ష అయిపోయింది కదా అని నేనూ గ్లాసు అందుకున్నాను.

“ముందొక మాట. ఏ చోటు ఎవరిదో మీలో ఎవరికైనా తెలిసిందా?” అని అడిగారు.

“నహీ మేడమ్,” అన్నాడు మరాఠీ సుబేదార్.

“లేదు మేడమ్,” అన్నాను నేను. అంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం. అది అబద్ధమని ఆ క్షణాన అనిపించను కూడా లేదు. తెలిసినా తెలియనట్టే తూచాను కాబట్టి తెలియనట్టే లెక్క అనుకున్నాను.

ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టి నా గొంతు వినిపించారు.

“మస్తు చురుగ్గ జేసిండ్రు. ఒక బోల్టు జర వదులున్నది. గంత స్పీడుల జేస్తే గట్లైతది, పెద్ద ముచ్చటేం గాదు. వీళ్లు సిద్ధం.”

అది మొదటి చోటు. తర్వాత రెండోది.

“ఆగమాగం జేసిండ్రు. గిదేం పని? బోల్టు వదులున్నది. బండి వస్తే పానాల మీదికొస్తది. వీళ్లకింకా ట్రైనింగ్ కావాలె.”

ఒకే గొంతు. ఒకే బోల్టు. ఒకచోట చురుకు, ఇంకోచోట ఆగమాగం. మొదటిదాంట్లో నా గొంతు కుర్చీలో వెనక్కి వాలినట్టుంది. రెండోదాంట్లో ఎవరి మీదో వేలు చూపిస్తున్నట్టుంది. అది నా గొంతేనా అని ఒక క్షణం నిజంగా అనుమానం వచ్చింది. మరాఠీ సుబేదార్‌కు తెలుగు సగమే అర్థమవుతుంది. ఆ సగం చాలినట్టుంది, గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

“రెండు చోట్లా ఆ బోల్టును నేనే వదులు చేయించాను,” అన్నారు మేజర్. “సెక్షన్లు వెళ్లిపోయాక. రెండు చోట్లా అదే బోల్టు, అంతే వదులు. వాళ్ల పరీక్ష ఎప్పుడూ జరిగేదే. ఈసారి మీకూ ఒకటి పెట్టాలనిపించింది.”

గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

“మొదటి చోటు ఇక్కడి సెక్షన్‌ది, మీ హవల్దార్‌ది,” అన్నారు ఆవిడ. “రెండోది సముద్రం వైపు నుంచి వచ్చినవాళ్లది.”

“కాదు మేడమ్, గోనె...” అన్నాను.

అనేశాను. మాట నోట్లోంచి బయటపడ్డాక దాన్ని వెనక్కి లాక్కునే వీలు లేకపోయింది.

“ఏ గోనె?” అన్నారు ఆవిడ.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే తల దించుకుని నిలబడేవాణ్ణి. ఆవిడ ఎదురు చూశారు. గోనె గురించి చెప్పక తప్పలేదు. చెబుతున్నకొద్దీ ఒక్కొక్కటే నాకే అర్థమవుతూ వచ్చింది. గోనె చూసి మావాళ్లనుకున్నాను. మావాళ్లనుకున్నాక ఆ బోల్టు పానాల మీదికొచ్చింది. గోనె లేనిచోట బయటివాళ్లనుకున్నాను. బయటివాళ్లనుకున్నాక అదే బోల్టు పెద్ద ముచ్చట కాకుండా పోయింది.

“లేదు మేడమ్ అని ఇందాక అబద్ధం చెప్పాను,” అన్నాను చివరికి.

“అది నాకిప్పుడే తెలిసింది,” అన్నారు ఆవిడ.

హవల్దార్‌ను పిలిపించారు. అతను గుడారం గుమ్మంలో అటెన్షన్‌లో నిలబడ్డాడు. మీ గోనె సంచులు ఏమయ్యాయని మేజర్ అడిగారు.

“ఆ షెడ్డోళ్లకిచ్చిన మేడమ్. నిన్న ప్రాక్టీసుల వాళ్ల చేతులు బొబ్బలెక్కినయ్. వాళ్ల హవల్దార్ అడగనీకి సిగ్గుపడుతుండు. తీస్కపో భాయ్, నీళ్లు చల్లి కప్పుండ్రి అన్న.”

“మరి మీకు?”

“మాకు అలవాటే మేడమ్. ఒక్క పూటే గద.” తర్వాత నా వైపు చూసి, ఏదో తప్పు జరిగిందనుకుని, “సంచులిచ్చుడు రూలుకు ఖిలాఫా సాబ్?” అన్నాడు.

రూలుకు విరుద్ధం కాదని మేజరే చెప్పి పంపించారు.

నా మార్కులు రెండూ రద్దు చేశారు. ఏమీ తెలియని మూడో పరీక్షకుణ్ణి పక్క క్యాంపు నుంచి పిలిపించి, చీకటి పడేలోపు రెండు చోట్లా చూపించారు. ఆ బోల్టు సంగతి ఆవిడ లెక్కలోంచి తీసేశారు. రెండు సెక్షన్లూ ‘సిద్ధం’. పాతబస్తీ గుడారంలోంచి, పనిలో ఆపుకున్న కేక అప్పుడు వినిపించింది. ఎవరో పళ్లెం మీద డప్పు కొడుతున్నారు. నా తప్పును ఇంకెవరో దిద్దేశారు, ఎవరికీ నష్టం జరగలేదు, ఇక ఆ మనిషి సాబ్ అవుతాడు అనుకున్నాను. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. ఇప్పుడు తల్చుకుంటే ఆ నిద్రకే ఎక్కువ సిగ్గేస్తుంది.

బోర్డుకు రెండు పేర్లు వెళ్లాయి. హవల్దార్‌ది ఒకటి, షెడ్డు సెక్షన్ హవల్దార్‌ది ఒకటి. ఖాళీ ఒకటే. ఈ ఏడు ఇద్దరూ సమానం కాబట్టి వెనకటి మూడేళ్లు చూశారు. షెడ్డు సెక్షన్‌కు ప్రతి ఏడూ ‘సిద్ధం’. పాతబస్తీ సెక్షన్‌కు ప్రతి ఏడూ నా మాట.

ఆ సంగతి తెలిసినరోజు మేజర్ దగ్గరికి పరుగెత్తాను. ఆ మూడేళ్లూ నేను మావాళ్లకు కావాలని తక్కువ చేశానని, ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతానని అన్నాను.

“కావాలని చేశారా?” అని అడిగారు ఆవిడ.

“కావాలని కాదు మేడమ్. కానీ చేశాను.”

“ఎంత తక్కువ?”

నాకర్థం కాలేదు.

“ఆ మూడేళ్లూ వాళ్లు నిజంగా సిద్ధంగా ఉన్నారా సాబ్? ఒక్క ఏడైనా లేరేమో. ఏ బోల్టు నిజంగా వదులుగా ఉంది, ఏది మీకు వదులుగా కనబడింది, చెప్పగలరా?”

నిలబడి ఆలోచించాను. ఆ పట్టాలు, ఆ కంకర, మోకాళ్ల కింద గుచ్చుకున్న రాళ్లు, వెనక నుంచి ‘ఖరా సోనా’ అన్న మాట, అన్నీ గుర్తొచ్చాయి. వాళ్ల పని ఎలా ఉందో మాత్రం గుర్తు రాలేదు. నేను దాన్ని చూస్తే కదా. ఆవిడ అడిగినదానికి ఈ లోకంలో జవాబు తెలిసిన మనిషి నేనొక్కణ్ణే కావాలి. నాకు తెలియదు. అన్యాయం చేశానని అప్పటిదాకా అనుకున్నాను. ఎంత అన్యాయం చేశానో కూడా తెలియకుండా చేశానని అప్పుడు తెలిసింది.

“ఈ ఏటిది దిద్దగలిగాను. అవి నావల్ల కాదు,” అన్నారు ఆవిడ.

పరీక్షకుడి పని మానేస్తానన్నాను.

“మానేస్తే మీకు హాయిగా ఉంటుంది. వద్దు,” అన్నారు.

ఆదివారం చర్చి అయిపోయే వేళ చూసుకుని హవల్దార్ ఇంటికి వెళ్లాను. ముందుగదిలో ఇస్త్రీ చేసిన యూనిఫాం మేకుకు వేలాడుతోంది. వాపసు ఇవ్వడానికి సిద్ధం చేసినట్టున్నారు. అతను చర్చి బట్టల్లోనే ఉన్నాడు. భార్య కుర్చీ వేసింది. దాని వెనక నిలబడలేదు, కూర్చున్నాను. ఫోన్లో విన్న నా గొంతు దగ్గర మొదలుపెట్టి మెస్సులో నవ్విన నవ్వుల దాకా అంతా చెప్పాను. అతను తల వంచుకుని బొటనవేలితో అరచేతిలోని ఎండిన బొబ్బ మీద తోలు రాస్తూ విన్నాడు.

“మాకెర్కనే గద,” అన్నాడు చివరికి.

“ఏమెరుక?”

“మీరు మాకు తక్కువేస్తరని. సెక్షన్ల కొత్తగ జేరినోళ్లకు ముందే చెప్తుంటి. అరే, సాబ్ మనోడు, గందుకే మనకు అందరికన్న డబుల్ పనుంటది, ఫికర్ జెయ్యకుండ్రి అని.”

మూడేళ్లు ఒక సెక్షన్‌కు సెక్షనంతా తెలిసిన సంగతి, మరాఠీ సుబేదార్ నవ్వుకు భయపడి నేను చేస్తూ వచ్చిన పని, నాకొక్కడికే తెలియదు.

“మరి చెప్పలేదేంది? వేరేటోళ్లను పెట్టుమని అడిగితే పెడుతుండ్రి గద!” అన్నాను. గొంతు లేచింది. తప్పు అతనిదైనట్టు అడిగాను, ఇంకా.

“ఎవరికి జెప్పాలె? మా గల్లీ సాబే మమ్ముల ముంచుతుండని పోయి మేజర్‌కు జెప్పాల్నా? మీ ఇజ్జతేం గావాలె?” అన్నాడు. మళ్లీ నవ్వడానికి ప్రయత్నించాడు. “పోనియ్యుండ్రి. నాకు రాకున్నా నా గోనె సంచులకైతే ప్రమోషనొచ్చింది.”

“అదే జోకు పొద్దటిసంది ఏసుకుంటుండు,” అంది భార్య గుమ్మంలోంచి. ఆమె నవ్వలేదు. “చర్చిల పాస్టర్‌కు గూడ జెప్పిండు. నవ్వుకోని, ఏం జేస్త.” తర్వాత నన్ను సూటిగా చూసింది. “మీరు ఎవరింట్ల చాయ్ తాగరంట గద. ఇప్పుడు తాగొచ్చు. మార్కులైపోయినయ్.”

తెచ్చి ఇచ్చింది. తాగాను. వేడిగా ఉందనే తప్ప రుచి ఏమీ తెలియలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. “ఆ హవల్దార్ మన బియ్యం మూట మోసుకొచ్చిననాడు ఇంట్లకు రానియ్యలే నువ్వు, యాదున్నదా? పరీక్ష దగ్గరుందని,” అంది. నాకు గుర్తులేదు. ఇంకా ఎన్ని గుర్తులేవో.

మరుసటి ఏడు పరీక్షకు నేనే ఉన్నాను, మరాఠీ సుబేదారూ ఉన్నాడు. మేజర్ అన్ని సెక్షన్లకూ గోనె సంచులు ఇప్పించారు. ఎక్కడికి వెళ్లినా పనిముట్ల మీద తడి గోనె. ఫోన్ పట్టుకుని పట్టాల ముందు నిలబడ్డాను. ఎవరిదో తెలియలేదు. వెతుకుతున్నానని తెలిసి ఆపేశాను. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఎవరిదో తెలియకుండా ఒక బోల్టును చూడటం నాకు అంతదాకా రాదని ఆ ఎండలో నిలబడి తెలుసుకున్నాను.

హవల్దార్ ఇప్పుడు దళంలో లేడు. గ్యాంగ్‌మన్‌గా మాత్రం ఉన్నాడు. పొద్దున ఆఫీసుకు వెళ్లడానికి ఉప్పుగూడ స్టేషన్లో నిలబడితే, ఒక్కోసారి అవతలి పట్టాల మీద అతని గ్యాంగు కనబడుతుంది. మొన్న బండి ఆలస్యమైంది. అతను గడ్డపార భుజాన వేసుకుని ప్లాట్‌ఫాం చివరి నుంచి నడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

“నమస్తే సాబ్,” అన్నాడు.

అది క్యాంపు కాదు. చుట్టూ కూరగాయల గంపలు, టిఫిన్ డబ్బాలు, యాకుత్‌పురాలో దిగాల్సిన ఆడవాళ్లు. కొన్నాళ్లుగా గల్లీలో నల్లా దగ్గరా అదే పిలుపు. కోపంగా పిలిచి ఉంటే ఏదో ఒకటి మాట్లాడేవాణ్ణి. మర్యాదగా పిలుస్తాడు, ఆఫీసర్లను పిలిచినట్టు.

“అన్నా అనరా,” అందామని నోరు తెరిచాను. అనవద్దని నలుగురి ముందు చెప్పింది నేనే. అనమని చెప్పే హక్కు కూడా నాదేనని అనుకోబోయి ఆగిపోయాను.

“నమస్తే,” అన్నాను.

అతను తల ఊపి, పట్టాలు దాటి తన గ్యాంగులో కలిశాడు. కాసేపటికి పట్టా ఎత్తే కేక వినిపించింది. ఆ గొంతుల్లో అతనిది ఏదో పోల్చుకోవడానికి చూస్తున్నాను, బండి వచ్చేసింది.